దారి విడవడం దయా, ధర్మమా?

విషయం

బ్రిటన్ పట్టణాలలో పంతొమ్మిదో శతాబ్దిలో గోడకు గోడ ఆనించి వరుసగా కట్టిన ఇళ్లలో చాలావాటికి బండి నిలుపుకొనే ఆవరణ ఉండదు కనుక, అక్కడ నివసించేవారు తమ కార్లను వీధి అంచున, దొరికిన చోట నిలుపుకోవలసి వస్తుంది. అలాంటి వీధిలో మోకాళ్లు అరిగి, గుండె బలహీనపడి, నాలుగు అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవలసిన వృద్ధురాలు ఉన్నప్పుడు, ఆమెను ఆసుపత్రికో గుడికో తీసుకువెళ్లి తిరిగి తెచ్చే కొడుకుకు ఇంటి ఎదుట చోటు దొరకకపోతే, వీధి చివర నుంచి గుమ్మం వరకు ఉన్న కొద్దిపాటి దూరమే ఆమెకు దాటరానిదవుతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి అక్కడి స్థానిక పాలక మండలి, అంటే కౌన్సిల్, దరఖాస్తును పరిశీలించి, ఆ ఇంటి దగ్గర రోడ్డు మీద తెల్ల గీతలతో ఒక గడి గీయించి, దానిని దివ్యాంగుల వాహనాలకు కేటాయిస్తుంది. పైకి ఇది పురపాలనకు చెందిన చిన్న ఏర్పాటే. అయినా అందరిదీ అయిన దారిలో కొంత భాగాన్ని ఒకరి బలహీనతను బట్టి వేరు చేయడం న్యాయమేనా, అది ఇచ్చేవారి దయా, పొందేవారి హక్కా అన్న ప్రశ్న ధర్మవిచారణలో చాలా పాతది, నేటికీ తెగనిది.

ఇలాంటి సందేహాలను తేల్చడానికి పూర్వమీమాంస, అనగా వేదవాక్యాల నుంచి పుట్టే కర్తవ్యాన్ని నిర్ణయించే దర్శనం, అధికరణమనే ఒక చట్రాన్ని ఏర్పరచింది. విషయం, సంశయం, పూర్వపక్షం, ఉత్తరపక్షం, నిర్ణయం అనే ఐదు అంగాలు గల ఆ చట్రంలో ఎదుటివారి వాదాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టిన తర్వాతనే సమాధానం చెప్పాలి. వృద్ధుల ఇంటి ముందు చోటు అన్న ఈ ప్రశ్నకు ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఇందులో అభ్యంతరం చెప్పే పొరుగువారు దుర్మార్గులు కారు, వారి వాదంలోనూ న్యాయం కొంత ఉంది.

ముందుగా విషయం స్పష్టం కావాలి. ఆల్ఫ్ మారిస్ అనే పార్లమెంటు సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు 1970లో దీర్ఘరోగుల, వికలాంగుల చట్టంగా రూపొందగా, దాని ఆధారంగా 1971లో దివ్యాంగులకు పార్కింగ్ వెసులుబాటు ఇచ్చే నారింజ రంగు బ్యాడ్జీ మొదలై, 2000లో అది బ్లూ బ్యాడ్జ్‌గా మారింది. ఈ బ్యాడ్జీని కారుకు ఇవ్వరు, మనిషికి ఇస్తారు. ఆ మనిషి తానే కారు నడిపినా, మరొకరు నడిపే కారులో కూర్చున్నా అది చెల్లుతుంది. నడవలేనివారికే కాక, కంటికి కనిపించని వైకల్యాల వల్ల బయట తిరగడంలో తీవ్రమైన కష్టం ఉన్నవారికి కూడా ఇంగ్లండులో 2019 ఆగస్టు 30 నుంచి దీనిని విస్తరించారు. అయితే బ్యాడ్జీ ఉన్నంత మాత్రాన ఇంటి ముందు గడి రాదు. దానికి వేరే దరఖాస్తు ఉంటుంది, ఇంటికి సొంత పార్కింగ్ లేదని చూపించాలి, చాలా కౌన్సిళ్లు ఆ చిరునామా మీదే కారు నమోదై ఉండాలని కూడా అడుగుతాయి.

అలా గీసే గడులు రెండు రకాలు. మొదటిది సలహా గడి, అంటే చట్టబలం లేకుండా కేవలం గీతలతో పొరుగువారి మర్యాదను కోరేది. ఇది త్వరగా, తక్కువ ఖర్చుతో ఏర్పడుతుంది గనుక నివాస వీధుల్లో చాలా కౌన్సిళ్లు దీనినే ఎంచుకుంటాయి. రెండవది ట్రాఫిక్ ఉత్తర్వుతో, సూచిక పలకతో ఏర్పడే నిర్బంధ గడి. దీనిలో అర్హత లేని వాహనం నిలిపితే జరిమానా పడుతుంది. ఈ రెండింటికీ సాధారణంగా ఉమ్మడిగా ఉండే లక్షణం ఒకటుంది: దరఖాస్తు చేసిన వృద్ధురాలికి ఆ గడి సొంతం కాదు, దాని మీద ఆమె పేరు ఉండదు, బ్లూ బ్యాడ్జ్ ఉన్న మరెవరైనా అక్కడ నిలుపుకోవచ్చు. ఈ వ్యాసంలోని నిర్ణయమంతా చివరకు ఈ లక్షణం మీదే ఆధారపడుతుంది.

సంశయం

దారి ఎవరిది అన్న ప్రశ్నను భారతీయ ధర్మగ్రంథాలు నేరుగానే అడిగాయి. మనుస్మృతి రెండవ అధ్యాయం, ఆపస్తంబ ధర్మసూత్రం, గౌతమ ధర్మసూత్రం వంటివి ఎదురైనప్పుడు ఎవరికి దారి విడవాలో జాబితాలుగా చెప్పాయి. మనువు జాబితాలో బండి మీద వెళ్లేవాడు, తొంభై ఏళ్లు దాటినవాడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ, విద్య ముగించిన స్నాతకుడు, రాజు, పెళ్లికొడుకు ఉన్నారు. మహాభారత వనపర్వంలో ఈ ధర్మాన్ని పలికేది అష్టావక్రుడు. శరీరం ఎనిమిది చోట్ల వంకర తిరిగిన ఆ బాలుడు జనకుని యజ్ఞానికి వెళుతూ దారిలో రాజు ఎదురుపడినప్పుడు, అంధునికి, బధిరునికి, స్త్రీకి, బరువు మోసేవానికి దారి చెందుతుందని, రాజుకూ చెందుతుంది గాని బ్రాహ్మణుడు ఎదురైతే బ్రాహ్మణునిదే దారి అని చెబుతాడు, జనకుడు అంగీకరించి దారి విడుస్తాడు.

ఈ జాబితాలలో రెండు వేరు వేరు న్యాయాలు కలిసిపోయి ఉన్నాయన్నది గమనించవలసిన సంగతి. వృద్ధునికి, రోగికి, బరువు మోసేవానికి దారి ఇవ్వడానికి కారణం వారి అవసరం. వారు పక్కకు తప్పుకోవడం కష్టం, తప్పుకోగలిగినవారు తప్పుకోవాలి. రాజుకు, స్నాతకునికి దారి ఇవ్వడానికి కారణం వారి స్థాయి. మొదటిది బలహీనతకు బలం వంగడం, రెండవది అధికారానికి సామాన్యుడు వంగడం. రెండూ ఒకే వాక్యంలో ఒదిగినప్పుడు చివరకు ఏది గెలుస్తుందో మనువు తర్వాతి శ్లోకమే చూపుతుంది. జాబితాలోని వారందరూ ఒకచోట కలిస్తే రాజును, స్నాతకుని గౌరవించాలని, ఆ ఇద్దరిలో స్నాతకుడే అధికుడని అది తేలుస్తుంది, రోగి ఊసు అక్కడ లేదు. స్థాయిని బట్టి దారిని పంచే ఆలోచన చరిత్రలో ఎంత దూరం పోయిందో తెలియడానికి వైకోం చాలు. తిరువాన్కూరు సంస్థానంలోని ఆ ఊరిలో ఆలయం చుట్టూ ఉన్న వీధుల్లో అవర్ణులు నడవడానికే వీలు లేకపోగా, 1924 మార్చి 30న మొదలైన సత్యాగ్రహం 1925 చివరి వరకు సాగవలసి వచ్చింది. కాబట్టి నేటి ధర్మవిచారణ ఈ పాత వాక్యాల నుంచి ఏమైనా తీసుకోవాలంటే, అవసరమనే న్యాయాన్ని స్థాయి అనే న్యాయం నుంచి విడదీసి తీసుకోక తప్పదు.

అలా విడదీసిన తర్వాత సంశయం ఈ రూపం దాల్చుతుంది: బలహీనునికి దారిలో చోటు ఇవ్వడం మెచ్చుకోదగిన మంచితనమా, లేక చేయకపోతే దోషమయ్యే కర్తవ్యమా? మీమాంసకుల పరిభాషలో చెప్పాలంటే, అది అర్థవాదమా, విధా? విధి అంటే ఇది చేయవలసిందే అని ఆజ్ఞాపించే వాక్యం. అర్థవాదం అంటే ఒక పనిని పొగిడి, చేయాలన్న ఉత్సాహాన్ని కలిగించే వాక్యం. సలహా గడికీ నిర్బంధ గడికీ ఉన్న తేడా అచ్చంగా ఈ తేడాయే.

పూర్వపక్షం

ప్రత్యేక స్థలానికి వ్యతిరేకంగా మూడు వాదాలు నిలుస్తాయి. మొదటిది సమత్వ వాదం. రోడ్డు అందరి పన్నులతో ఏర్పడినది, ఇంటి ముందు రోడ్డు ఆ ఇంటివారిది కాదు, చోటు తక్కువైన వీధిలో ఒక గడిని వేరు చేస్తే మిగిలినవారికి అంత చోటు తగ్గుతుంది, రాత్రి పని ముగించుకొని వచ్చే నర్సుకూ, పసిబిడ్డను ఎత్తుకొని వచ్చే తల్లికీ కష్టాలున్నాయి, వారిలో ఒకరి కష్టానికే గీతలు గీయడం పక్షపాతం అని ఈ వాదం అంటుంది. అందరినీ సమదృష్టితో చూడమన్న శాస్త్రమే దీనికి ఆధారంగా నిలుస్తుంది.

రెండవది దయావాదం. పొరుగువారు మంచివారైతే గీతలు అక్కరలేదు, చెడ్డవారైతే గీతలు పనిచేయవు, పైగా ప్రేమతో విడిచే చోటును చట్టంతో బలవంతం చేస్తే ఇచ్చేవారి పుణ్యం పోయి, శిక్షాభయమొక్కటే మిగులుతుందని ఈ వాదం చెబుతుంది. ధర్మానికి విలువ స్వేచ్ఛ వల్ల వస్తుందన్న మాట ఇందులో ఉంది గనుక దీనిని తేలిగ్గా కొట్టిపారేయలేం.

మూడవ వాదం వృద్ధుల నోటి నుంచే వస్తుంది, అందుకే అది అన్నిటికంటే బరువైనది. జీవితమంతా ఒకరికి పెట్టడమే తప్ప ఒకరి ముందు చేయి చాచని మనిషి, తన అడుగులు లెక్కపెట్టించుకొని, తన నొప్పిని కాగితాల మీద రాయించుకొని, వీధిలోని వారందరూ చూసేలా తన ఇంటి ముందు గీతలు గీయించుకోవడానికి ఇష్టపడదు. తెలుగునాటి నుంచి వెళ్లి బ్రిటన్‌లో స్థిరపడిన కుటుంబాలలో పెద్దవారు ఈ కారణం చేతనే దరఖాస్తుకు అంగీకరించకపోవడం అరుదేమీ కాదు. దీనికి శాస్త్రంలోనూ బలముంది. ప్రతిగ్రహం, అంటే దానం పుచ్చుకోవడం, పుచ్చుకునేవాని తేజస్సును తగ్గిస్తుందని మనువు హెచ్చరించాడు. వృద్ధాప్యంలో సంచారం తగ్గించుకొని లోపలికి మరలమని వానప్రస్థ ఆదర్శం బోధించింది. అలాంటప్పుడు కారు కోసం కౌన్సిల్‌ను అర్థించడం ఎందుకన్నదే వారి ప్రశ్న.

ఉత్తరపక్షం

సమత్వ వాదం వనరును చూస్తుంది గాని, ఆ వనరుతో మనిషి ఏమి చేయగలడో చూడదు. అమర్త్యసేన్ 1979లో సమత్వం మీద చేసిన ప్రసంగంలో ఈ లోపాన్నే ఎత్తి చూపి, అందరికీ ఒకే వస్తువును సమానంగా పంచినా వైకల్యం ఉన్నవారు దానిని తమ జీవనంలోకి మార్చుకోగల శక్తి సమానంగా ఉండదని వాదించాడు. బ్రిటన్‌లో వైకల్య భృతికి జరిపే పరీక్షలో యాభై మీటర్ల నడక ఒక హద్దుగా ఉండడం ఈ ఆలోచనకు పాలనలో దొరికిన రూపం. వీధి చివర నిలిపిన కారు ఆరోగ్యవంతునికి ఒక నిమిషం నడకను మాత్రమే కోరుతుంది, యాభై మీటర్లు నడవలేని వ్యక్తికి అదే కారు లేనట్టే. సమదృష్టి అంటే అందరిలో ఒకే ఆత్మను చూడడమే తప్ప అందరి కాళ్లనూ ఒకటిగా లెక్కించడం కాదు. నర్సు కష్టమూ, తల్లి కష్టమూ నిజమైనవే, కాని చోటు దొరకనప్పుడు వారు అలసటతో ఇల్లు చేరతారు, వృద్ధురాలు ఇల్లు కదలడమే మానుకుంటుంది. ఒకరికి అసౌకర్యం, మరొకరికి నిర్బంధం. ఆ రెండింటినీ ఒకే తూకంలో పెట్టడమే అసలు పక్షపాతం.

దయావాదానికి సమాధానం మహాభారత శాంతిపర్వంలోనే ఉంది. రాజు గాని, దండం గాని లేని కాలంలో మనుషులు ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకున్నారని, క్రమంగా మోహం, లోభం ఆవరించి ఆ కాపుదల చెడినప్పుడు దండనీతి, అంటే శిక్షాబలంతో ధర్మాన్ని నిలిపే వ్యవస్థ, అవసరమైందని భీష్ముడు యుధిష్ఠిరునికి వివరిస్తాడు. స్కాట్లాండు అనుభవం ఇదే క్రమంలో నడిచింది. అక్కడ మర్యాద మీదే ఆధారపడిన సలహా గడులలో అర్హత లేనివారు వాహనాలు నిలపడం ఆగకపోవడంతో, జాకీ బెయిలీ అనే సభ్యురాలు ప్రతిపాదించిన బిల్లును స్కాటిష్ పార్లమెంటు 2009లో చట్టం చేసి, అటువంటి గడులకు చట్టబలం కల్పించే బాధ్యతను స్థానిక మండళ్ల మీద పెట్టింది. మంచితనం ఉండకూడదని ఆ చట్టం చెప్పలేదు, మంచితనం లేని రోజున కూడా వృద్ధురాలు ఇల్లు చేరాలని మాత్రమే చెప్పింది. దయ ఎప్పుడు, ఎవరికి చూపాలో ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చేవారి చేతిలో ఉంటుంది, ఆ స్వేచ్ఛే దయకు అందం. కాని ఆసుపత్రి నుంచి తిరిగివచ్చే రోగి ఆ ఎంపిక ఫలితం కోసం కారులో కూర్చొని ఎదురుచూడవలసి వస్తే, ఆ అందానికి మూల్యం చెల్లించేది రోగి శరీరం.

అర్థవాదానికి స్వతంత్ర ప్రామాణ్యం లేదని, విధితో కలిసి ఒకే వాక్యమైనప్పుడే అది సార్థకమవుతుందని మీమాంసకులు తేల్చారు. వృద్ధులను గౌరవించాలన్న పొగడ్తకూ ఇదే వర్తిస్తుంది. ఇతర మతాలు కూడా ఈ కర్తవ్యాన్ని పొగడ్తకు వదలలేదు. యూదులకూ క్రైస్తవులకూ పవిత్రమైన లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం గుడ్డివాని దారిలో అడ్డం పెట్టకూడదని, తల నెరసినవాని ముందు లేచి నిలబడాలని ఆజ్ఞల రూపంలోనే చెప్పింది. ఇస్లాం సంప్రదాయంలో దారికే ఒక హక్కు ఉందని, దారిలో కూర్చునేవారు ఇతరులకు బాధ కలిగించకుండా ఉండడం ఆ హక్కులో భాగమని హదీసులు, అంటే ప్రవక్త మాటలను, నడవడిని తెలిపే ఉల్లేఖనాలు, బోధించాయి.

భారతదేశంలోని పరిణామం కూడా అర్థవాదం నుంచి విధి వైపే సాగింది. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిర్మాణాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. దివ్యాంగుల పార్కింగ్‌కు 3.6 మీటర్ల వెడల్పు ఉండాలని మార్గదర్శకాలు కూడా వెలువడ్డాయి. కారు తలుపు పూర్తిగా తెరుచుకొని పక్కనే చక్రాల కుర్చీ నిలవడానికి అంత వెడల్పు కావాలి. కాని ఆ చట్టం కింద చేసిన నియమాలలో ఒకటి అందుబాటు ప్రమాణాలను కేవలం సిఫారసుల స్థాయిలో ఉంచడం చట్టానికే విరుద్ధమని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, తప్పనిసరి నియమాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం సమర్పించింది. జనం మనసులో మాత్రం ఈ మార్పు ఇంకా పూర్తి కాలేదు. తిరుమలలో వయోవృద్ధులకు, దివ్యాంగులకు ప్రత్యేక దర్శనం ఏర్పాటు చేస్తే క్యూలో నిలబడిన వేలమంది దానిని అన్యాయమనుకోరు. అదే అపార్టుమెంటు సెల్లారులో లిఫ్టు పక్కన ఉన్న చోటును నడవలేని పెద్దవారికి మార్చాలని అడిగితే మాత్రం అది సొంత ఆస్తి మీద దాడిలా తోస్తుంది. దేవుని ముందు ఒప్పుకున్న న్యాయాన్ని పొరుగువారి ముందు కాదనడానికి ధర్మంలో ఆధారం లేదు.

ఇక వృద్ధుల అభిమానం సంగతి. ప్రతిగ్రహ దోషం దానానికి వర్తిస్తుంది, తనకు చెందవలసినదాన్ని పొందడానికి వర్తించదు. బరువు మోసేవానికి దారి ఇచ్చినప్పుడు అతడు దానం పుచ్చుకున్నాడని ఏ ధర్మసూత్రమూ అనలేదు. ఇంటి ముందు గడి దానమైతే అభిమానవంతులు దానిని నిరాకరించడం సబబే. అది విధి వల్ల కలిగిన హక్కైతే అందులో తలవంపు ఏమీ లేదు. హక్కు అన్న భావన ఎక్కువగా కాపాడేది ఈ ఆత్మగౌరవాన్నే, అందుకే దయకంటే హక్కే వృద్ధులను నిజంగా గౌరవిస్తుంది. వానప్రస్థం కూడా సమాధానం కాదు, ఎందుకంటే అది తెలిసి ఎంచుకున్న నివృత్తి. గుడికి వెళ్లాలని, చుట్టాలను చూడాలని ఉండీ, తిరిగి వచ్చేసరికి కారు నిలపడానికి చోటు ఉండదన్న భయంతో నాలుగు గోడల మధ్య మిగిలిపోవడం వైరాగ్యం కాదు, ఇతరులు విధించిన ఏకాంతం. దానికి ఆధ్యాత్మికమైన పేరు పెట్టడం వృద్ధులకూ, ఆధ్యాత్మికతకూ అన్యాయమే.

నిర్ణయం

ఈ విచారణ వల్ల తేలేది ఏమంటే, వృద్ధుల ఇంటి దగ్గర కేటాయించే చోటు వ్యక్తికి ఇచ్చే కానుక కాదు, ఒక అవస్థకు, అంటే శరీరం చేరిన స్థితికి, సమాజం చెల్లించే బాకీ. ఆ గడి మీద పేరు లేకపోవడాన్ని చాలా కుటుంబాలు లోపంగా భావిస్తాయి, తాము నెలల తరబడి తిరిగి సాధించుకున్న చోటులో బ్యాడ్జీ ఉన్న అపరిచితులు కారు నిలిపితే బాధపడతాయి. ఆ బాధ సహజమే, అయినా ఆ గడి ధర్మబద్ధం కావడానికి కారణం ఆ పేరులేనితనమే. పేరు రాస్తే అది ఆస్తి అవుతుంది, ఆస్తి అయితే పొరుగువారి సమత్వ వాదం గెలుస్తుంది. అవస్థకు చెందినంత కాలం, ఆ అవస్థ ఎవరికైనా రావచ్చు గనుక, అది అందరి హక్కుగానే ఉంటుంది.

ఈ నిర్ణయం నుంచి రెండు కర్తవ్యాలు పుడతాయి. మొదటిది పాలకులది. వృద్ధురాలు తాను కారు నడపదని, కొడుకు కారు వేరే చిరునామాలో నమోదై ఉందని గడిని నిరాకరించే నియమం, మనిషిని ఆమె బంధాల నుంచి విడదీసి చూస్తోంది. వయసు మళ్లిన తర్వాత నడక ఒంటరి శక్తి కాదు, అది పట్టుకున్న చేయిలోనూ, నడిపే కారులోనూ పంచుకొని ఉంటుంది. బ్యాడ్జీ వాహనానికి కాక మనిషికి చెందుతుందని ఒప్పుకున్న వ్యవస్థ, గడి విషయంలోనూ అదే న్యాయాన్ని పాటించి, కారు ఎవరిదని కాక ఆ కారులో ఎవరు ఎంత తరచుగా ప్రయాణిస్తారని అడగాలి.

రెండవ కర్తవ్యం కుటుంబానిది. అవస్థ వల్ల కలిగిన హక్కు అవస్థతోనే ముగుస్తుంది. పెద్దవారు మరణించినా, వేరే చోటికి మారినా బ్యాడ్జీని తిరిగి ఇవ్వడం, గడి అవసరం తీరిందని కౌన్సిల్‌కు తెలపడం ఆ కుటుంబం చేయవలసిన పనులు. తల్లి పేరున వచ్చిన బ్యాడ్జీని ఆమె లేనప్పుడు తన సౌకర్యానికి వాడుకునే కొడుకు, చట్టరీత్యా నేరం చేయడమే కాక, తల్లి హక్కును తిరిగి దయగా, దయను మోసంగా దిగజారుస్తున్నాడు, ఆ తర్వాత నిజమైన అవసరంతో దరఖాస్తు చేసే ప్రతి వృద్ధుని మీదా పడే అనుమానపు చూపుకు కారకుడవుతున్నాడు. మరొక ఇంటిలో మరొకరికి ఆ అవసరం మొదలై ఉంటుంది గనుక, గడిని సాధించడానికి చూపిన పట్టుదలనే దానిని సకాలంలో విడిచిపెట్టడంలోనూ చూపినప్పుడు మాత్రమే, ఆ కుటుంబం అడిగినది తమ సౌకర్యాన్ని కాదని, ధర్మాన్నేనని రుజువవుతుంది.